బడి మైదానం తాళం ఎవరి దగ్గర?

2020 మే నెలలో కర్ణాటక, తమిళనాడుల్లో మద్యం దుకాణాలు తెరుచుకున్నాయి. పిల్లలు ఆడుకునే బడి మైదానాలకు మాత్రం తాళాలు అలాగే ఉండిపోయాయి. ప్రేక్షకులు లేకుండా స్టేడియాలు తెరవొచ్చని అదే నెల 17న కేంద్రం చెప్పిన మాట నిజమే. హోసూరు పక్క పల్లెల్లోనో, బళ్లారి తాండాల్లోనో పిల్లలకు స్టేడియం ఎక్కడిది? బడి వెనక ఖాళీ జాగానే వాళ్ల స్టేడియం. బడి మూస్తే అదీ మూతే.

సరిహద్దు పిల్లలకు ఇంకో పీడ. ఆ ఏప్రిల్‌లో వేలూరు జిల్లా అధికారులు చిత్తూరు వైపు రోడ్లకు అడ్డంగా ఏకంగా గోడలే కట్టించారు. గొడవయ్యాక కూల్చేశారు. రాష్ట్రాల మధ్య రాకపోకలు ఆపొద్దని ఆగస్టు 22న కేంద్ర హోంశాఖ లేఖ రాయాల్సి వచ్చింది. కోచ్ అవతల, కుర్రాడు ఇవతల ఉంటే ఇక ఆటెక్కడ?

కొవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. సరే, అది గడిచింది. మరో మహమ్మారి రాదని హామీ ఎవరిస్తారు? వస్తే మళ్లీ మైదానానికే మొదటి తాళమా?

మూసిన గదుల్లో కంటే ఆరుబయట ఈ జబ్బు సోకడం చాలా తక్కువని ఇప్పుడు తెలుసు. బంతిని సానిటైజరుతో తుడిచి తుడిచి అలసిపోయాం గానీ, అసలు ముప్పు ఆటకు వెళ్లే ఆటోలో పదిమందిని కుక్కడంలో ఉంది. ఇరుకు గదిలో గుంపుగా బట్టలు మార్చుకోవడంలో ఉంది. పరుగెత్తేటప్పుడు మాస్కు వద్దని డబ్ల్యూహెచ్‌ఓ 2020లోనే చెప్పింది. ఆటోలో, గదిలో పెట్టుకోవాలి.

అన్ని ఆటలనూ ఒకే గాటన కట్టకూడదు. పరుగు, వాలీబాల్, క్రికెట్ ముందు మొదలుపెట్టొచ్చు. రోజూ అదే పదిమంది, ఎవరి నీళ్ల సీసా వాళ్లదే. కబడ్డీ వేరు. కూత పెడుతూ మీదపడే ఆట అది. ప్రొ కబడ్డీ అంతటిదే 2020లో జరగలేదు, 2021 డిసెంబరులో బెంగళూరులో ప్రేక్షకులు లేకుండా ఆడారు. మన కబడ్డీ కుర్రాళ్లు అందాకా విడివిడిగా దండీలు, బస్కీలు తీస్తే పోయేదేం లేదు.

జ్వరం పడి లేచిన పిల్లాణ్ని నేరుగా మ్యాచ్‌లోకి దింపడం మాత్రం మూర్ఖత్వం. ముందు నడక, తర్వాత మెల్లగా పరుగు. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం కనిపిస్తే ఆపి డాక్టరు దగ్గరికి పంపాలి. సెలక్షన్ పోతుందని దాచే తల్లిదండ్రులు, చూసీచూడనట్టు పోయే డ్రిల్లు మాస్టార్లు ఇద్దరూ తప్పు చేసినట్టే.

ఈ నియమాలు బళ్లు తెరిచి ఉన్నప్పుడే ఒక కాగితం మీదికి రావాలి. మైదానం తెరిచే అధికారం ఊరి పరిస్థితి చూసి హెడ్మాస్టరుకే ఇవ్వాలి. గట్టు దాటి ఆడబోయే పిల్లలకు బడి గుర్తింపు కార్డే పాసుగా చెల్లేలా రెండు వైపుల కలెక్టర్లు ముందే ఒప్పుకోవాలి. ఉత్తర్వు కన్నడంలోనో, అరవంలోనో, ఒడియాలోనో వస్తే చదవలేని తల్లులు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. గేటుకు తెలుగు కాపీ ఒకటి అంటించమని అడగాల్సింది ఊరి తెలుగు సంఘాలే.