టూరిస్టుల లెక్క వుంది, కూలివాళ్ళ లెక్క ఏదీ?

ఎంతమంది టూరిస్టులు వచ్చారు, ఏ నెలలో గదులు నిండాయి, ఏ నెలలో ఖాళీగా వున్నాయి అనే లెక్కలు ప్రతి రాష్ట్రమూ తయారుచేస్తున్నది. హోటళ్ళు తమ రిజిస్టర్లలోని లెక్కలు టూరిజం శాఖకు పంపాలి. టికెట్టు వున్నచోట గేటు దగ్గరే లెక్క దొరుకుతుంది. రాష్ట్రం వీటిని కూడి ఢిల్లీకి పంపితే, కేంద్ర టూరిజం మంత్రిత్వశాఖ ఏటా పుస్తకం వేస్తుంది. హోటలు కట్టదలచినవాడు, బస్సులు తిప్పదలచినవాడు, వాళ్ళకు అప్పిచ్చే బ్యాంకు ఈ అంకెలు చూసుకునే అడుగు వేస్తారు. వ్యాపారం చేసేవాడికి లెక్క కావాలి, అందులో తప్పేమీ లేదు. కాని పొలం పనులు లేని రోజుల్లో ఆ హోటళ్ళకు ఇటుకలు మోసేవాళ్ళు, గదులు వూడ్చేవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు వ్యవసాయ కూలీలే. వాళ్ళ సంగతి ఈ లెక్కల్లో ఎక్కడుంది?

ముందు ఆ పెద్ద అంకె సంగతి తెలుసుకోవాలి. అది మనుషుల లెక్క కాదు, రాకల లెక్క. ఒకే కుటుంబం తిరుపతిలో ఒక రాత్రి, విశాఖలో ఒక రాత్రి, అరకులో ఒక రాత్రి బసచేస్తే మూడుచోట్లా లెక్కకెక్కుతుంది. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 20 కోట్లకు పైగా దేశీయ టూరిస్టులు వచ్చారనీ, దేశంలో మనదే మొదటి స్థానమనీ చెప్పుకున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్ర జనాభా ఎనిమిదిన్నర కోట్లు. అంటే వున్న జనానికి రెండింతలకు మించిన రాకలన్నమాట! మొక్కు తీర్చుకోవటానికి పులిహోర మూట కట్టుకుని కొండకు పోయే కూలివాడూ, విమానం దిగి వేలకు వేలు ఖర్చుపెట్టేవాడూ ఆ పుస్తకంలో ఒక్కొక్క అంకే. ఇంత మంది వచ్చారు కాబట్టి ఇంత సంపద పెరిగిందని చెప్పేవాళ్ళ మాట ఈ సంగతి గుర్తుపెట్టుకుని వినాలి.

ఇక పని మాటకు వద్దాం. టూరిజం వస్తే ఉద్యోగాలొస్తాయి అంటారు. వస్తాయి, నిజమే. కాని ఎలాంటి ఉద్యోగాలు? కేంద్ర ప్రభుత్వం వేయించిన లెక్కే దీనికి జవాబు చెపుతున్నది. 2015-16 సంవత్సరానికి వేసిన ఆ లెక్క ప్రకారం దేశ ఆదాయంలో టూరిజం వాటా, ప్రత్యక్షంగా, పరోక్షంగా కలిపి, సుమారు 5 శాతం. పనివాళ్ళలో దాని వాటా సుమారు 12 శాతం. ఈ రెండు అంకెలనూ విడివిడిగా చదివి మురిసిపోతున్నారు. పక్కపక్కన పెట్టి చూడండి. దేశంలో వందమంది కలిసి వంద రూపాయలు సంపాదిస్తే, అందులో టూరిజంలో వున్న 12 మందికి కలిపి వచ్చేది 5 రూపాయలు. తలకు అర్ధరూపాయి కూడా లేదు! ఆ అయిదులోనే హోటలు యజమాని లాభం, స్థలం అద్దె, బ్యాంకు వడ్డీ అన్నీ వున్నాయి. అవి పోను గది వూడ్చిన మనిషి చేతికి ఏం మిగులుతుందో వేరే చెప్పనక్కర లేదు.

ఇప్పుడు అరకు లోయకు వెళ్దాం. ఈ ప్రాంతంలో బయటివాళ్ళ లెక్కలు కొత్త కాదు. విశాఖ నుంచి కిరండూల్ పోయే రైలు మార్గాన్ని 1960లలో వేసింది బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపటానికి. 2017 నుంచి అదే పట్టాల మీద టూరిస్టుల కోసం అద్దాల పెట్టె నడుస్తున్నది. ఖనిజం టన్నుల లెక్క అప్పుడూ వుంది, సీట్ల లెక్క ఇప్పుడూ వుంది. కొండ మీద వాళ్ళకు దక్కిందెంత అన్న లెక్క అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

టూరిస్టులు ఎగబడి చూసే బొర్రా గుహల చుట్టుపక్కల భూములే ఒకప్పుడు పెద్ద న్యాయ పోరాటానికి కారణమయ్యాయి. అనంతగిరి మండలంలోని ఆ గిరిజన భూముల్లో ప్రైవేటు కంపెనీలకు గనులు కౌలుకిస్తే, సమత సంస్థ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1997 జులైలో తీర్పు వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడా తన భూమిని గిరిజనేతరులకు కౌలుకివ్వటానికి వీల్లేదని కోర్టు తేల్చింది. గని తవ్వాలంటే ప్రభుత్వ సంస్థగాని, గిరిజనుల సహకార సంఘంగాని తవ్వుకోవచ్చునన్నది. నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత ప్రజల మంచినీళ్ళకు, బడులకు, ఆస్పత్రులకు, రోడ్లకు నిధిగా పెట్టాలని చెప్పింది. ఆ తీర్పుకు బలం 1/70గా మనం పిలుచుకునే భూబదలాయింపు చట్టం.

ఇప్పుడు ఆ చట్టం మీదికే టూరిజం పేరుతో మాట వచ్చింది. 2024 డిసెంబరులో ప్రకటించిన 2024-29 టూరిజం విధానం ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. తరవాత నెలలో, 2025 జనవరిలో, విశాఖలో జరిగిన టూరిజం పెట్టుబడిదారుల సదస్సులో అసెంబ్లీ స్పీకరు అయ్యన్నపాత్రుడు ఏజెన్సీలో టూరిజం పెరగాలంటే 1/70ని సవరించాలన్నారు. మన్యం భగ్గుమంది. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో ఏజెన్సీ అంతా బంద్ పాటించింది. చట్టాన్ని మార్చబోమని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రకటించాల్సి వచ్చింది. ఆ ప్రకటన గిరిజనుల ఐక్యత సాధించిన ఫలితమే. అయినా ఆదమరచి వుండటానికి లేదు. చట్టం మారకపోయినా బినామీ పేర్లతో భూములు చేతులు మారటం ఏజెన్సీకి తెలియని సంగతేమీ కాదు.

టూరిజమే వద్దని ఎవరూ అనటం లేదు. రోడ్డు పక్కన బొంగు చికెను అమ్మే కుర్రాడికీ, కాఫీ గింజ ఎండబెట్టే తల్లికీ, థింసా ఆడే ఆడపడుచులకూ నాలుగు డబ్బులొస్తే సంతోషమే. రిజిస్టరు లేని ఆ బండి, ఆ ఆట లెక్కలో పడవు. హోటలుకు కూరగాయలు కొండ మీద రైతు దగ్గర కొంటున్నారా, మైదానం నుంచి లారీలో తెస్తున్నారా అన్నది ఏ ఫారంలోనూ అడగరు. గదులకు ఎన్ని నీళ్ళు తోడుతున్నారు, ఆ వూరి బావిలో ఎన్ని మిగులుతున్నాయి అన్నదీ అడగరు.

అడగనిది మనమే అడగాలి. షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకు 1996 నాటి పీసా చట్టం అధికారాలిచ్చింది. భూమి తీసుకోవాలంటే ముందు గ్రామసభను సంప్రదించాలి. ఆ సభలోనే ఒక పుస్తకం పెట్టండి. కొత్త కట్టడం ఎవరి పేరున వుంది, అసలు యజమాని ఎవరు, వూరివాళ్ళు ఎంతమంది పనిచేస్తున్నారు, ఆడవాళ్ళకెంత, మగవాళ్ళకెంత, ఏడాదిలో ఎన్ని నెలల పని అన్నవి రాయండి. 2025-26కు ఉపాధి హామీ కింద మన రాష్ట్రంలో రోజు కూలి 307 రూపాయలుగా నిర్ణయించారు. హోటలు ఇచ్చేది దానికి ఎక్కువో తక్కువో చూడండి. ఒక గది ఒక రాత్రి అద్దె పక్కన ఆ కూలిని రాయండి. ఉపన్యాసం అక్కరలేకుండానే విషయం అందరికీ అర్థమవుతుంది.

వాళ్ళు వేసిన లెక్క కూడా మనకు పనికొస్తుంది. చలికాలంలో గదులు నిండుతాయి. అప్పుడు యజమానికి మనిషి కావాలి, వానాకాలం రాగానే పొమ్మంటాడు. కాబట్టి కూలి పెంచమని అడగాల్సింది గదులు నిండిన నెలల్లోనే. పరిశ్రమ హోదా తెచ్చుకున్నవాళ్ళు పరిశ్రమ కార్మికుడి హక్కులు ఇవ్వాలి: కనీస వేతనం, గుర్తింపు కార్డు, పదిమంది వున్నచోట ఇ.ఎస్.ఐ., ఇరవైమంది వున్నచోట ప్రావిడెంటు ఫండు. గని లాభంలో 20 శాతం ప్రజలకన్న కోర్టు మాట, గుహ టికెట్టు డబ్బుకు ఎందుకు వర్తించకూడదు? గిరిజన సహకార సంఘాలకు బసలు, బళ్ళు నడిపే హక్కూ అప్పూ ఎందుకివ్వకూడదు?

ఈసారి టూరిజం శాఖవాళ్ళు అంకెలు చదవటానికి మీ మండలానికి వచ్చినప్పుడు గ్రామసభ పుస్తకం వాళ్ళ ముందు పెట్టండి. రెండు లెక్కలూ కలిపి చదవమనండి.