కనబడని లోకాల కోసం వెదుకులాట



కరెంటు పోయిన రాత్రి ఆరుబయట మంచం వేసుకొని ఆకాశం వైపు చూడనివారు మనలో ఉండరు. ఆ చుక్కలలో కొన్ని చుక్కలు కావు, గ్రహాలు. బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని - ఈ అయిదింటిని పూర్వులు వట్టి కంటితోనే చూచి గుర్తుపట్టారు. శనికి అవతల ఇంకేమైనా ఉన్నదా అనే ప్రశ్నకు మాత్రం ఎంతోకాలం జవాబు దొరకలేదు. ఆ జవాబు ఎలా దొరికిందో, ఇంకా ఏమి మిగిలి ఉన్నదో ఈ నెల చూద్దాము.

ఇంగ్లండులోని బాత్ పట్టణంలో విలియం హెర్షెల్ అనే సంగీతం మాస్టారు ఉండేవాడు. పగలు పాఠాలు చెప్పి, ప్రార్థనాలయంలో ఆర్గాను వాయించి, రాత్రివేళ తాను స్వయంగా చేసుకొన్న టెలిస్కోపుతో ఆకాశం చూచేవాడు. 1781 మార్చి 13న అతనికి ఒక వింత చుక్క కనబడింది. మొదట తోకచుక్క అనుకున్నాడు. తీరా చూస్తే అది కొత్త గ్రహం! అదే యురేనస్.

అయితే యురేనస్ లెక్క ప్రకారం నడవలేదు. ఉండవలసిన చోటునుండి కొంచెం తప్పుతూ వచ్చింది. అవతల మరొక గ్రహం దానిని లాగుతున్నదేమో అని ఫ్రాన్సు దేశస్థుడైన లెవెరియే లెక్క వేశాడు. ఫలానా చోట వెదకండి అని బెర్లిన్ లోని గాలే అనే శాస్త్రజ్ఞునికి ఉత్తరం వ్రాశాడు. 1846 సెప్టెంబరు 23న ఉత్తరం అందింది. ఆ రాత్రే నెప్ట్యూన్ దొరికింది. చేయి చాచి చిటికెనవ్రేలు నిలబెడితే ఆకాశంలో ఎంత మేర మూసుకుంటుందో, లెక్కకూ గ్రహానికీ మధ్య తేడా అంతకు మించలేదు. సూర్యుని చుట్టూ ఒకసారి తిరగటానికి నెప్ట్యూనుకు సుమారు 165 సంవత్సరాలు పడుతుంది. మనుష్యులు దానిని కనుగొన్న తరువాత మొదటి చుట్టు పూర్తయినది 2011లోనే.

ఇంకొక విచిత్రం. గెలీలియో 1612లోనే నెప్ట్యూనును తన టెలిస్కోపులో చూశాడు. నక్షత్రమనుకొని తన కాగితంమీద గుర్తు పెట్టుకున్నాడు. కంటికి కనబడటం వేరు, కనుగొనటం వేరు!

ఇంత కష్టం ఎందుకని మీరు అడుగవచ్చు. గ్రహాలకు సొంత వెలుగు లేదు. సూర్యుని వెలుగు అక్కడికి పోయి, తగిలి, మన దగ్గరకు తిరిగి రావాలి. దూరం రెండింతలైతే పోయే వెలుగు నాలుగవ వంతు అవుతుంది. తిరిగి వచ్చేది మళ్లీ అందులో నాలుగవ వంతు. అంటే మనకు చేరేది పదహారవ వంతే. దూరం పెరిగేకొద్దీ అది మిణుగురు కన్న మసకగా అయిపోతుంది.

మరి లక్షల చుక్కల మధ్య దానిని గుర్తుపట్టడం ఎలాగు? రైలు కిటికీలోనుండి చూడండి. దగ్గర ఉన్న స్తంభాలు గబగబా వెనక్కు పోతాయి, దూరపు కొండలు కదలనట్లే ఉంటాయి. అలాగే మన భూమి సూర్యుని చుట్టూ తిరుగుతూ ఉంటే, దగ్గరి లోకాలు స్థానం మారినట్లు కనబడతాయి, నక్షత్రాలు కదలవు. కాబట్టి ఒకే చోటును కొన్ని రోజుల తేడాతో రెండు ఫోటోలు తీసి, ఏ చుక్క జరిగిందో చూడాలి. పద్ధతి ఇంతే. కాని ఓపిక కావాలి.

ఆ ఓపిక ఒక రైతు బిడ్డకు ఉండేది. అమెరికాలోని కాన్సాస్ పల్లెలో పెరిగిన క్లైడ్ టాంబా కుటుంబం పంటను వడగండ్ల వాన నాశనం చేసింది. కాలేజీ చదువు ఆశ అంతటితో పోయింది. కాని అతడు దిగులుపడి కూర్చోలేదు. పాత కారు భాగాలతో, పొలం యంత్రాల ముక్కలతో టెలిస్కోపు చేసుకున్నాడు. అద్దం తన చేతులతోనే అరగదీశాడు. దానిలో చూచిన కుజ, గురు గ్రహాల బొమ్మలు గీసి లోవెల్ అబ్జర్వేటరీకి పంపాడు. 1929లో వారు అతనిని పనికి పిలిచారు. రాత్రి ఫోటో పలకలు తీయటం, పగలు వాటిని జతలు జతలుగా పోల్చి చూడటం, ఇదీ పని. 1930 జనవరి 23న, 29న తీసిన రెండు పలకలలో ఒక చుక్క జరిగినట్లు ఫిబ్రవరి 18న పట్టుకున్నాడు. అదే ప్లూటో. అప్పుడు అతని వయస్సు 24.

ఇక్కడ మనం నేర్చుకోవలసినది ఉన్నది. ఆ అబ్జర్వేటరీ స్థాపించిన పెర్సివల్ లోవెల్, భూమికి దాదాపు 7 రెట్లు బరువైన గ్రహం అక్కడ ఉండాలని లెక్క కట్టి, 1916లో తాను చనిపోయేవరకు వెదికించాడు. ప్లూటో దొరకగానే ఆ లెక్క నిజమైనదని చాలామంది సంతోషించారు. కాని 1978లో ప్లూటోకు ఉపగ్రహం దొరికింది. దానివలన ప్లూటో బరువు భూమిలో సుమారు అయిదు వందలవ వంతేనని తేలింది. అంత చిన్నది యురేనస్ ను ఏమి లాగుతుంది? 1989లో వాయేజర్ 2 నెప్ట్యూన్ ప్రక్కగా పోయి దాని బరువు సరిగా తెలిపింది. 1993లో మైల్స్ స్టాండిష్ ఆ బరువుతో లెక్క వేస్తే, మిగిలిందనుకున్న తేడా లేకుండా పోయింది. లోవెల్ వెదికిన గ్రహం అసలు లేనే లేదు! ప్లూటోను దొరికించింది లెక్క కాదు, టాంబా శ్రద్ధ.

వెదుకులాట అంతటితో ఆగలేదు. వియత్నాం నుండి కాందిశీకురాలిగా అమెరికా చేరిన జేన్ లూ, ఆమె గురువు డేవిడ్ జూయిట్ 1987 నుండి వెదికి వెదికి, 1992 ఆగస్టులో హవాయి దీవిలోని కొండమీదనుండి నెప్ట్యూన్ అవతల ఒక చిన్న లోకాన్ని కనుగొన్నారు. ఇప్పుడు అటువంటివి వేల సంఖ్యలో తెలుసు. 2005లో దొరికిన ఎరిస్ ప్లూటోకు ఇంచుమించు సమానం. అందువలననే 2006లో ప్లూటోను మరుగుజ్జు గ్రహంగా లెక్కించారు.

2016లో బాటిగిన్, బ్రౌన్ అనే ఇద్దరు, ఆ దూరపు లోకాలలో కొన్నిటి దారులు ఒకే ప్రక్కకు ఒరిగి ఉన్నవి గనుక ఒక పెద్ద తొమ్మిదవ గ్రహం ఉండవచ్చునని వ్రాశారు. ఇతర శాస్త్రజ్ఞులు కొందరు ఒప్పుకోలేదు. చెరువులో ఒక మూలనే వల వేసి, చేపలన్నీ ఆ మూలనే ఉన్నవనుకోవటం వంటిదని వారి అభ్యంతరం. ఇంతవరకు దానిని చూచినవారు లేరు. చిలీ దేశంలో 2025 జూన్ లో తన మొదటి చిత్రాలను చూపించిన రూబిన్ అబ్జర్వేటరీ, 10 సంవత్సరాలపాటు దక్షిణ ఆకాశాన్ని మళ్లీ మళ్లీ ఫోటో తీయటానికి కట్టినది. దానితో ఈ చిక్కు విడిపోతుందని ఆశిస్తున్నారు.

ఇదంతా మనకెందుకు అంటారా? 2012 డిసెంబరు 21న నిబిరు అనే దాగిన గ్రహం వచ్చి భూమిని గుద్దుతుందని పుకారు లేచింది. క్రిస్మస్ కు నాలుగు రోజుల ముందు! పిల్లలకు బట్టలు తీయాలా వద్దా అని ఒక తల్లి నన్ను అడిగింది. ఆమె భయం నవ్వవలసినది కాదు. ఆ తేదీ దాటిపోయింది. 2017 సెప్టెంబరు 23 అని మళ్లీ అన్నారు, అదీ దాటింది. తేదీలు చెప్పేవారు మారతారు, భయపడేది మాత్రం ఎప్పుడూ సామాన్యులే.

ఇక మీదట ఇటువంటి కబురు ఫోనులో వస్తే ఇది జ్ఞాపకం చేసుకోండి. కొన్ని నెలలలో భూమిని తాకబోయే గ్రహం ఉంటే అది ఎవరూ దాచలేనంత కాంతితో మన వాకిట్లోనుండే కనబడుతుంది. శాస్త్రజ్ఞులు వెదికే తొమ్మిదవ గ్రహం ఉన్నా, మనకు అతి దగ్గరగా వచ్చినప్పుడు కూడ సూర్యునికీ భూమికీ మధ్యనున్న దూరానికి వందల రెట్ల దూరంలోనే ఉంటుంది. మూడు ప్రశ్నలు అడగండి. ఎవరు చూశారు? ఎక్కడ చూశారు? వేరొకరు మళ్లీ చూశారా? జవాబు లేకపోతే ఆ కబురు ఇంకొకరికి పంపవద్దు.

టాంబా 1997లో చనిపోయాడు. అతని అస్థికలలో కొంచెం తీసుకొని న్యూ హొరైజన్స్ నౌక 2006లో బయలుదేరి, 2015 జూలై 14న ప్లూటో ప్రక్కగా సాగిపోయింది. వడగండ్లకు పంట పోగొట్టుకున్న ఇంటి కుర్రవాడు అంత దూరం వెళ్లాడు. మీ పిల్లవాడు ఆకాశం చూపించి "అవతల ఏమున్నది నాన్నా?" అని అడిగితే విసుక్కోకండి. తెలిసినది చెప్పండి. తెలియనిది కలిసి వెదకండి.