ఓడ మల్లయ్యకు బేరము



ఏరు దాటుదాక ఓడ మల్లయ్య, ఏరు దాటినపిమ్మట బోడి మల్లయ్య యని మన పెద్దలు చెప్పుదురు. దాటినవారు ఓడను మరచుటయే ఇంతవరకు మన మెరిగిన సంగతి. ఆ ఓడకు ఫోటో తీసి, ఫోనులో ప్రకటన వేసి, బేరమునకు పెట్టుటకూడ ఈ కాలమున వచ్చినది. ఈ నెల నేను చదివిన వింతలలో దీనిని మించినది లేదు గనుక మీకును గొంత వినిపించెదను.

సంగతి యిట్లు మొదలైనది. మా కైకలూరికి దగ్గర పల్లెనుండి నాకు పరిచయమైన యొకామె మొన్నటి మధ్యాహ్నము మా యింటికి వచ్చినది. సరస్సు హద్దుకు వెలుపల వారికి చేపలచెరువు కౌలుకు గలదు. తెల్లవారగనే తవుడు, వేరుసెనగచెక్క నింపిన సంచులను పడవమీద గొనిపోయి, చెరువులో పాతిన కర్రలకు గట్టి రావలెను. ఉన్న పడవ మూలబడినది. క్రొత్తది కొనుటకు సొమ్ము చాలక ఆమె భర్త పాతదానికై వెదకుచున్నాడు.

"అక్కయ్యగారూ! నా గాజులు కుదువపెట్టి పడవ కొంటారట. మీరు చదువుకొన్నవారు. ఈ ప్రకటనలు చదివి ఇందులో నిజమెంతో చెప్పండి" అని ఫోను నా చేతి కిచ్చినది.

చదువ మొదలిడితిమి. ఆ జాబితా కొల్లేటి చాంతాడే! "బోటు" అని వెదకినంతనే ముందుగా వచ్చినవి చెవిఫోనులు. ఆ పేరుతో చెవిఫోనులును, చేతిగడియారములును అమ్ము కంపెనీ యొకటి మన దేశమున గలదు. "ఇవి చెవికి పెట్టుకొంటే చెరువు దాటుతామా, అక్కయ్యగారూ?" అని ఆమె నవ్వినది. నేనును నవ్వితిని.

పిమ్మట నిజమైన పడవలు వచ్చినవి. ఆ పట్టికలు మోటారుసైకిళ్లకొరకు తయారైనవి కాబోలు. అందులో నడుగు ప్రశ్నలకు పడవవారు నోరు మూసికొనక జవాబు లిచ్చియున్నారు. ఒకాయన "ఇంధనము" అనుచోట "గెడకర్ర" అని వ్రాసినాడు. "తిరిగిన కిలోమీటర్లు" అనుచోట "నీటిమీద రాళ్లు పాతలేదు" అని నింపినాడు. "ఇంతకుముందు యజమానులెందరు?" అన్నదానికి "మా తాత, మా నాయన, నేను, మా అబ్బాయి వద్దన్నాడు" అని యున్నది.

మరియొక ప్రకటన: "పడవ చాల బాగున్నది. కొంచెము నీరు వచ్చును. తోడుటకు చెంబు ఉచితము." ఇంకొకదాని ఫోటోలో పడవ బోరగిల ఇటుకలమీద నున్నది, దాని నీడలో కోడియు పిల్లలును గలవు. క్రింద "కోడి అమ్మకమునకు కాదు" అని హెచ్చరిక. మరొక ఫోటోనిండ ఒక సంసారమంతయు నిలుచుండగా, "ఎడమప్రక్క కొస కనబడుచున్నదే పడవ" అని వ్రాసినారు. ఒకరు సొమ్ము వలదనిరి. పాడిగేదె నిచ్చినను, మోటారుసైకిలు నిచ్చినను మార్చుకొందురట. ఓడలు బండ్లగునన్న మాట ఇంత సూటిగా నిజమగునని మన పెద్దలును తలచియుండరు.

ఈ వేడుక మన యూరికే చెందినది కాదు. ఇంగ్లండులోని పాతకాలువలపై ఏడడుగుల వెడల్పైనను లేని పొడవు పడవలు గలవు. వానిలోనే వంటయిల్లును, పడకయు నమర్చుకొని కాపురముండువారు చాలమంది. వానిని అమ్మునప్పుడు ఇల్లమ్మినట్లే పొయ్యిని, కిటికీలను వర్ణింతురు. పడవ గలవానికి రెండే సంతోషదినములు, కొన్నదినమొకటి, అమ్మినదినమొకటి యని పాశ్చాత్యులలో నొక పరిహాసము గలదు. అది చెప్పగా మా ఆమె, "వాళ్ల ఆడవాళ్లకు అమ్మిన దినమొక్కటే అయివుంటుంది" అన్నది.

ఇట్లు నవ్వుచుండగా నొక ప్రకటనవద్ద ఆమె వ్రేలు నిలిచినది. "తాటిదోనె. చాల పాతది. నీటికి పనికిరాదు. తోటలో పూలతొట్టిగా అందముగ నుండును."

ఆమె పుట్టినిల్లు కొల్లేటిలోని లంకగ్రామము. తాటిమ్రాను తొలిచి చేసిన అట్టి దోనెలు రెంటిని జతగట్టి, వానిపై కూర్చుండబెట్టి ఆమెను అత్తవారింటికి పంపినారట. ఆమె తల్లికి పురిటినొప్పులు వచ్చినప్పుడు మంత్రసాని వచ్చినదియు దోనెమీదనే. "మా అమ్మకు కాన్పు చేయించిన దోనెలో బంతిమొక్కలు వేస్తారా?" అని మెల్లగా ననినది. అటుపై కొంతసేపు మే మిరువురము మాటలాడలేదు.

నిదానముగా తలచిన, ఆ నవ్వుల జాబితా మన ప్రాంతపు చరిత్రయే. కొల్లేరు కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ నున్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు నేరులు దీనిలో పడును. ఉప్పుటేరు దీని నీటిని సముద్రమునకు గొనిపోవును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన వెనుక ఈ సీమలో కాలువలు పైరులకే గాక ప్రయాణమునకును దారులైనవి. గట్టుమీద మనుష్యులు త్రాడు లాగుచుండగా ధాన్యమును, పెండ్లివారును పడవలమీదనే పోయెడివారు. రోడ్లు వచ్చినవి, పడవలు గట్టెక్కినవి. సరస్సులో చేపలచెరువులు పెరిగినవి. 1999లో కొల్లేరు అభయారణ్యముగ బ్రకటింపబడినది. 2006లో సరస్సు నాక్రమించిన చెరువుల గట్లను ప్రభుత్వము తెగగొట్టించినది. చెరువు పోయినవారి పడవయు గట్టెక్కినది. ప్రతి ప్రకటన వెనుకను ఇట్టి కారణమేదో యుండును. అమ్మువారు దానిని మాత్రము వ్రాయరు.

పడవ పని తీరినదని తలచుటయు పొరపాటే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేలకొలది యిండ్లు మునిగినప్పుడు, జనులు మేడలమీద నిలిచి పడవకొరకే యెదురుచూచినారు. ఆ దినములలో అందరికిని ఓడ మల్లయ్యయే.

ఇక గాజుల సంగతి. ఆమెతో నేను చెప్పినది మీకును పనికివచ్చును. పడవను గట్టుమీద చూచి బేరమాడరాదు, నీటిలోనే చూడవలెను. చాలకాలము ఎండిన చెక్కపడవ మొదట నీరు త్రాగును. తగినంతకాలము నానినయెడల పలకలుబ్బి అతుకులు మూసికొనును. అటుపైనను నీరు వచ్చిన అది ఓటిపడవ యని తెలిసికొనవలెను. తళతళలాడు క్రొత్తతారునుజూచి మురియరాదు. దాని క్రింద నేమున్నదో అడుగవలెను. ఫైబరుపడవయైనచో అతుకువేసినచోట్లను వ్రేలితో తట్టి చూడవలెను. మోయవలసిన బరువును ఎక్కించి, అంచు నీటికెంత పైకున్నదో చూడవలెను. నదులలోను కాలువలలోను తిరుగు యంత్రపుపడవకు 2021 నాటి చట్టము ననుసరించి రిజిస్ట్రేషను కాగితము లడుగవలెను. ఈతరాని వారెక్కునప్పుడు ప్రాణరక్షక కవచము లేకుండ కదలరాదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన గోదావరిలో కచ్చులూరువద్ద విహారపు పడవ మునిగి ఎందరు ప్రాణములు గోల్పోయిరో మనము మరువలేము.

ఆమె భర్తతో గూడ తానును పోయి పడవను చూచినది. "కొంచెము నీరు, చెంబు ఉచితము" అన్నదే అది! నీటిలోనికి దింపిన అరగంటకు చీలమండ మునిగినదట. మగవారు ధర తగ్గించుటనుగూర్చి వాదించుచుండ, ఈమె అమ్మువాని భార్యను ప్రక్కకు బిలిచి, "అమ్మా, ఎందుకు అమ్ముతున్నారు?" అని అడిగినది.

ఆ యిల్లాలు కొంచెము తటపటాయించి, "బడి ఫీజు కట్టాలి తల్లీ. పడవ మాత్రం మంచిది కాదు. అడుగుపలక పోయింది. నీ పిల్లల్ని ఎక్కించకు" అనినది.

ఆ సొమ్ము ఆమెకును అవసరమే. అయినను అబద్ధమాడలేదు. ఈ నెల చదివిన ప్రకటన లన్నిటిలో వెలకట్టదగిన మాట అదియొక్కటే యని నాకు తోచినది.

బేరము కుదరలేదు. గాజులు చేతికే యున్నవి. ఉన్న పాతపడవకే పలక మార్పించుచున్నారు. దానికి ఆమె చీటిపాట సొమ్ము సరిపోయినదట. ఆ రెండవ యిల్లాలి కొరకు మే మిరువురము కూర్చుండి క్రొత్త ప్రకటన వ్రాసియిచ్చితిమి: "పాత చెక్కపడవ. అడుగుపలక మార్చవలెను. ప్రక్కపలకలు గట్టివి. బాగుచేయించుకొనగలవారు మాత్రము రండు." ఇంకను అమ్ముడుపోలేదు. పోయిన వెంటనే మీకు తెలిపెదను.

సోదరీమణులారా! మీ యిండ్లలోను ఏరు దాటించి మూలనున్న ఓడ మల్లయ్య లుందురు. తిరుగలి కానిండు, పడవ కానిండు, అమ్మవలసివచ్చిన అమ్ముడు. దాని సుగుణములతోపాటు చిల్లిని గూడ వ్రాయుడు. మీకు కనబడిన వింతప్రకటనలను నాకు వ్రాసి పంపినచో వచ్చే నెల అందరమును కలసి నవ్వుకొందము.