గిరాకి ఏ బండి మీద వస్తుంది?

వారం వారం: చౌరస్తా

మొన్న సాయంత్రం హనుమకొండ చౌరస్తా దగ్గర తెలిసిన బట్టల కొట్టుకు వెళ్లాను. మాటల్లో సైకిల్ ట్రాకు సంగతి వచ్చింది. "మా షాపు ముందు ఆ గీత గీసిన్రంటే షట్టర్ దించుకోవుడే సార్. కస్టమర్ బండి ఏడ పెడతడు?" అన్నాడు యజమాని. బయటికి చూశాను. మెట్లకు ఆనుకుని ఒక కారు, పక్కన నాలుగు స్కూటర్లు. కారు ఆయనదే. స్కూటర్లలో మూడు కొట్టులో పనిచేసే పిల్లలవి. పొద్దున తాళం తీసినప్పుడు పెట్టినవి రాత్రిదాకా కదలవు. కస్టమర్నైన నేను మాత్రం రెండు సందుల అవతల బండి పెట్టి నడిచి వచ్చాను.

సైకిల్ విషయంలో మన ఊరికి పేరు లేకపోలేదు. 2020 జూన్‌లో కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ పెట్టిన 'ఇండియా సైకిల్స్ ఫర్ ఛేంజ్' పోటీకి వందకు పైగా నగరాలు పేరిచ్చాయి. మరుసటి ఏడాది నిగ్గుతేలిన 11 నగరాల్లో బెంగళూరు, సూరత్, చండీగఢ్‌ల సరసన వరంగల్ నిలిచింది. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి ఆ జాబితాకెక్కింది మనమొక్కరమే. బజారులో మాత్రం సైకిల్ తొక్కేవాడు ఆగిన కారుకూ ఆగని ఆటోకూ మధ్య సందు వెతుక్కుంటూనే ఉన్నాడు.

హైదరాబాద్‌లో 2023 అక్టోబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల ట్రాకు తెరిచారు. పైన సోలార్ పలకల కప్పు, కింద నీడ. ముచ్చటగానే ఉంది. కాని అది పొద్దున్నే చెమటోడ్చడానికి పోయే దారి, ఉప్పూ పప్పూ తెచ్చుకునే దారి కాదు. అసలు పరీక్ష బజారులోనే.

ఆ పరీక్ష టొరంటో రాసింది. అక్కడి బ్లూర్ వీధిలో 2009లో సర్వే చేస్తే, కార్లలో వచ్చేవారు పదిమందిలో ఒక్కరేనని తేలింది. దుకాణదారులు వేసుకున్న అంచనా అంతకంటే చాలా ఎక్కువ. 2016లో ప్రయోగంగా సైకిల్ దారి వేశారు. గిరాకి తగ్గలేదు సరికదా, వచ్చేవారూ వారి ఖర్చూ పెరిగాయి. మరుసటి ఏడే నగర మండలి దాన్ని శాశ్వతం చేసింది.

"అది కెనడా, ఇది ఓరుగల్లు" అంటారా? సరే, మన బట్టల బజారునే చూద్దాం. బతుకమ్మ ముందు వారం అందులోకి బండి దూరడం కష్టం. చంకలో పిల్లతో, చేతిలో సంచులతో ఆడవాళ్లు కొట్టు కొట్టుకూ ఆగుతూ నడుస్తారు. ఏడాదిలో గల్లా నిండేది ఆ రోజుల్లోనే. బండ్లు ఆగిపోయిన వీధిలో బేరాలు ఆగలేదు. ఈ ముచ్చట వ్యాపారికి కొత్తగా చెప్పాలా?

అసలు చిక్కు మరొకటి. సైకిల్ మీద వచ్చేవాణ్ని మనం గిరాకిగా లెక్కపెట్టం. వాచ్‌మన్, కూలి, పాలు పోసేవాడు, ట్యూషన్‌కు పోయే పిల్ల: వీళ్లు ఒక్కసారికి కొనేది తక్కువే. కాని రోజూ వస్తారు, పెట్రోలుకు పోయే డబ్బు మిగుల్చుకుని వస్తారు. ఒక కారు ఆగే చోట పది సైకిళ్లు నిలుస్తాయి.

వ్యాపారుల భయమంతా ఉత్తదని అనను. సిమెంటు, ఫర్నిచర్ కొట్లకు సరుకు దించడానికి చోటు కావాలి, దానికి పొద్దుటి వేళ కేటాయించాలి. రోడ్డంచున పండ్ల బండ్లూ మిర్చి బజ్జీల బండ్లూ ఉన్నాయి. వీధి వ్యాపారులకు 2014 చట్టం హక్కులిచ్చింది. వాళ్లను తోలేసి గీసే ట్రాకు నాకొద్దు. వాళ్లకు చోటు చూపాకే రంగు డబ్బా తెరవాలి. వైశాఖపు ఎండకు నీడా చూడాలి, చెట్టు లేని ట్రాకు మీద మధ్యాహ్నం ఎవరూ తొక్కరు.

ఒకవైపు దారికి రెండు మీటర్లు చాలు. ఒక్క వీధిలో మూడు నెలలు వేసి చూడండి, అందులో దసరా కలిసేలా. యజమానుల బండ్లు మాత్రం వెనక సందుకు మార్చండి. నష్టమొస్తే గీత చెరిపేయమని నేనే రాస్తాను. తీర్పు నాదీ కాదు, కార్పొరేషన్‌దీ కాదు, గల్లాపెట్టెది.

– ఓరుగల్లు బాటసారి