బంతి ఆడే పిల్లకు దారి ఏది?

జిల్లాలో ఏ ఊరికి వెళ్ళినా "మా పిల్ల అశోక్‌నగర్‌లో ఉంది" అని చెప్పే తలిదండ్రులు కనిపిస్తారు. వారి మాటలో అశోక్‌నగర్ అంటే హైదరాబాద్‌లో ఒక పేట కాదు, గ్రూప్స్ పరీక్ష. జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగిన పిల్లలు అశోక్‌నగర్‌లో ఇరుకు గదులు అద్దెకు తీసుకుంటారు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దస్తమానం చదువుకుంటారు. నారాయణగూడ దాకా పరుచుకున్న కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరుగుతారు. పసుపు అమ్మిన డబ్బు, వడ్లు అమ్మిన డబ్బు నెలనెలా ఆ మూడు పేటలకు చేరుతోంది. సర్కారు కొలువు వస్తే ఇల్లు నిలబడుతుందన్న ఆశ అది. దానిని తప్పుపట్టవలసిన పని లేదు.

అయితే ఆ మూడు పేటలకు దగ్గరలోనే, బషీర్‌బాగ్‌లో, లాల్‌బహదూర్ స్టేడియం ఉంది. చదువుకోసం వెళ్ళిన ఆడపిల్లలు దాని గేటు ముందు నుంచి ఎన్నోసార్లు బస్సులో పోతుంటారు. అటువంటి చోట ఆడి కూడా బతకవచ్చునని వారికి చెప్పిన వారు తక్కువ. బడిలో వారితో కలిసి బంతి ఆడిన నేస్తాలలో చాలామంది పదో తరగతితోనే ఆట మానుకున్నారు. ఆడపిల్లకు ఆట బతుకుతెరువు అవుతుందా అన్న ప్రశ్నకు ఈ జిల్లా బిడ్డే జవాబు చెప్పింది. ఆ జవాబు ఊళ్ళకూ తండాలకూ ఇంకా సరిగా చేరకపోవడం శోచనీయం.

గుగులోత్ సౌమ్య నిజామాబాద్ జిల్లా బిడ్డ. 2001లో పుట్టింది. ఇంటిపేరు వినగానే తండాల వారికి తమ పిల్ల అని తెలుస్తుంది. ఫుట్‌బాల్‌లో ఒకసారి నడుమ వరుసలో, ఒకసారి ముందు వరుసలో, ఎక్కువగా మైదానం అంచు వెంబడి ఆడుతుంది. కేరళలోని గోకులం క్లబ్బుకు ఆడింది. 2022లో మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్‌తో కలిసి యూరప్‌లోని క్రొయేషియా దేశానికి వెళ్ళి, అక్కడి డైనమో జాగ్రెబ్ మహిళా జట్టులో చేరింది. తరువాత కలకత్తా ఈస్ట్‌బెంగాల్ క్లబ్బుకు వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఈస్ట్‌బెంగాల్ జట్టు ఒడిశా జట్టును 1-0తో ఓడించి భారత మహిళా లీగ్‌ను గెలుచుకుంది. ఆ ఒక్క గోల్ సౌమ్యదే. ఆ యేడే మే నెలలో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2024-25 సంవత్సరపు ఉత్తమ క్రీడాకారిణిగా ఆమెను ఎంపిక చేసింది. దేశం మొత్తం మీద ఒక్కరికి దక్కే గౌరవం అది.

ఈ ఆటలో నడుమ ఆడేవారి పని బయటివారి కంటికి ఆనదు. గోల్ చేసినవారి పేరు పేపరులో పడుతుంది, గోల్ ఆపినవారిని జనం మెచ్చుకుంటారు. ఆ ఇద్దరికీ మధ్య బంతిని మోసేది నడుమ వరుస. వెనుకనుంచి బంతి అందుకొని ముందువారికి అందించాలి. బంతి ఎదుటి పక్షానికి పోతే మళ్ళీ వెనక్కు పరుగెత్తి అడ్డుపడాలి. 90 నిమిషాల ఆటలో వారు సుమారు 10 కిలోమీటర్లు పరుగెత్తుతారు. ఇంటి చాకిరీ అంతా చేసి పేరు దక్కని ఆడవారికి ఈ పని ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఆ నడుమ వరుస విలువ 2025 జూలై 5న దేశానికి తెలిసివచ్చింది. థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్ నగరంలో ఆసియా కప్ అర్హత పోటీల చివరి ఆట. ప్రపంచ పట్టికలో థాయిలాండ్ స్థానం 46, భారత్ స్థానం 70. ఆడేది వారి గడ్డ మీద. భారత్ 2-1తో గెలిచింది. రెండు గోల్స్ చేసింది నడుమ వరుసలో ఆడే సంగీతా బస్ఫోర్. ఆమెది పశ్చిమ బెంగాల్. అవే పోటీలలో మంగోలియాపై భారత్ 13-0తో గెలిచిన ఆటలో సౌమ్య కూడా గోల్ సాధించింది. అర్హత పోటీలు ఆడి, నెగ్గి, మహిళల ఆసియా కప్‌లో చోటు సంపాదించడం భారత్‌కు అదే మొదటిసారి.

సంగీత ఇంతకాలం ఆటలో నిలవడానికి ఒక కారణం గమనించదగినది. ఆమె సరిహద్దు భద్రతా దళాలలో ఒకటైన సశస్త్ర సీమాబల్‌లో ఉద్యోగి. నెల జీతం ఉంది, ఆడుకునే అవకాశం ఉంది. ఆటగత్తె అన్నం కోసం ఆట మానుకోవలసిన అవసరం ఆమెకు రాలేదు. ఈ ఏర్పాటు లేకనే మన పల్లెల్లో ఎందరో పిల్లల ఆట అర్ధాంతరంగా ఆగిపోతోంది.

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్త కాదు. ఒకనాడు ఈ ఆటలో దేశానికి దారి చూపిన నగరం అది. బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణ ఇచ్చిన భారత జట్టు 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడలలో బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం వంటివారు ఆ కాలంలోనే దేశమంతా పేరు పొందారు. నాటి ఆటగాళ్ళు నిలదొక్కుకోవడానికి పోలీసు జట్టు వంటివి ఆసరా అయినవన్నది మరువరాదు. ఆట వెనుక కొలువు ఉన్నది.

ఆ ఆసరా మగపిల్లలకే దక్కింది. ఆడవారు ఆడలేక కాదు. 1980 జనవరిలో కాలికట్‌లో ముగిసిన ఆసియా మహిళా పోటీలలో భారత్ రెండో స్థానం సాధించింది. 1983లో బ్యాంకాక్‌లో మళ్ళీ రెండో స్థానం సాధించింది. అంతటి జట్టును దశాబ్దాలపాటు పట్టించుకున్నవారు లేరు. మహిళలకు జాతీయ లీగ్ మొదలయింది 2016-17లో. సొంత ఊళ్ళో ఒక ఆట, ఎదుటివారి ఊళ్ళో ఒక ఆట అన్న పద్ధతి వచ్చింది 2023-24లో. పెద్దల తగాదాల ఫలితాన్ని కూడా ఆటగత్తెలే అనుభవించవలసి వచ్చింది. 2022 ఆగస్టులో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ భారత సమాఖ్యపై నిషేధం విధించినప్పుడు, ఆసియా క్లబ్ పోటీల కోసం తాష్కెంట్ దాకా వెళ్ళిన గోకులం మహిళలు ఆడకుండానే తిరిగివచ్చారు.

ఇక జీతం సంగతి. ప్రతి లీగ్ క్లబ్బు కనీసం 10 మంది భారతీయ క్రీడాకారిణులకు ఏడాదికి 3 లక్షల 20 వేల రూపాయలకు తగ్గకుండా ఒప్పందం రాయాలని సమాఖ్య 2023లో నిర్ణయించింది. నెలకు 26 వేల పైచిలుకు. పల్లె ఇంటికి అది చిన్న మొత్తం కాదు. కాని 2024-25 లీగ్‌లో ఆడినవి 8 జట్లు. జట్టుకు 10 మంది చొప్పున లెక్కిస్తే ఆ హామీ దేశం మొత్తం మీద 80 మందికే. ఆ 8 జట్లలో తెలంగాణది గాని, ఆంధ్రప్రదేశ్‌ది గాని ఒక్కటీ లేదు. హైదరాబాద్ పేరుతో 2019లో వెలసి, 2021-22లో ఐ.ఎస్.ఎల్. కప్పు గెలిచిన మగవారి జట్టు సైతం 2025లో ఢిల్లీకి తరలిపోయింది. రహీం నగరానికి ఇది తలవంపు. నిజామాబాద్ పిల్ల ఆడి బతకాలంటే కేరళకో, బెంగాల్‌కో, క్రొయేషియాకో పోవలసిందే.

కనుక తలిదండ్రుల సందేహంలో న్యాయం ఉంది. మోకాలు దెబ్బతింటే గతి ఏమిటి? ముప్పయ్యేళ్ళు దాటాక ఏమి చేస్తుంది? పోటీలకు వెళ్ళినప్పుడు వెంట ఎవరుంటారు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పకుండా "ఆడపిల్లను ఆడనివ్వండి" అని ఉపన్యాసాలు ఇచ్చినందువల్ల లాభం లేదు.

అయితే పుస్తకం దారి మాత్రం పూలబాట అనుకోరాదు. 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష పేపరు లీకు కారణంగా 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్ళీ జరిపిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. మూడోసారి అదే ప్రాథమిక పరీక్ష 2024 జూన్‌లో జరిగింది. అశోక్‌నగర్ గదులలో ఉన్న పిల్లలు ఆ కాలమంతా అద్దె కడుతూనే ఉన్నారు. ఏళ్ళ తరబడి ఆ నష్టాన్ని ఓర్చుకునే ఇల్లు, కూతురు పొద్దున గంటసేపు బంతి ఆడితే బతుకు పాడవుతుందని భయపడటం న్యాయం కాదు. చదువు మాని ఆడమని ఎవరూ అనడం లేదు. చదువుతో పాటు ఆడనివ్వాలి.

పైగా ఆ రెండు దారులు ఒకచోట కలుస్తాయి. తెలంగాణ సర్కారు కొలువులలో క్రీడాకారులకు 2 శాతం కోటా ఉంది. ఇదే జిల్లా బిడ్డ, 2022లోనూ 2023లోనూ ప్రపంచ బాక్సింగ్ విజేత అయిన నిఖత్ జరీన్‌ను ప్రభుత్వం 2024లో డి.ఎస్.పి.గా నియమించింది. అందరూ నిఖత్‌లు కాలేరు, నిజమే. కాని ఏ స్థాయి పోటీలో ఆడితే, ఏ సర్టిఫికెట్ ఏ కొలువుకు చెల్లుతుందో ఊళ్ళో ఎంతమందికి తెలుసు? కోచింగ్ సెంటర్ల ప్రకటనలు తండా దాకా వస్తాయి. ఈ సమాచారం మాత్రం రాదు.

జిల్లా యంత్రాంగం చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. ఇవి కోట్ల రూపాయలతో ముడిపడినవి కావు. మొదటిది, క్రీడా కోటా నిబంధనలను తేట తెలుగులో అచ్చువేసి ప్రతి ఉన్నత పాఠశాలకూ, గురుకులానికీ పంపాలి. రెండవది, వ్యాయామ ఉపాధ్యాయులు లేని బాలికల బడులకు వెంటనే నియామకాలు జరపాలి. పోటీలకు వెళ్ళే బాలికల వెంట మహిళా ఉపాధ్యాయురాలు తప్పనిసరిగా ఉండాలి. మూడవది, పదో తరగతి దాటిన ఆటగత్తెలకు నిజామాబాద్‌లో వసతి, తిండి, శిక్షణ ఒకేచోట దొరికే ఏర్పాటు చేయాలి. ఆట ఆగిపోయేది అక్కడే. నాలుగవది, దెబ్బ తగిలితే చికిత్స ఖర్చు భరించే బీమా ఉండాలి. చియాంగ్ మాయ్‌లో దేశాన్ని గెలిపించిన క్రీడాకారిణికి సాయుధ దళం కొలువు ఇచ్చినట్టే, రాష్ట్ర పోలీసు శాఖ బాలికల జట్టును ఎందుకు పెంచరాదో ఆలోచించాలి. మగవారి విషయంలో 1950లలోనే చేసి చూపిన పని అది.

గ్రామ పంచాయతీల బాధ్యత కూడా తక్కువ కాదు. 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాల పేరిట బోర్డులు వెలిశాయి. పూర్తి ఫుట్‌బాల్ మైదానానికి 100 మీటర్ల పొడవు, 64 మీటర్ల వెడల్పు, అంటే ఎకరంన్నర పైచిలుకు నేల కావాలి. అంత నేల సాధారణంగా ఉన్నత పాఠశాలలలోనే దొరుకుతుంది. దానిని వడ్లు ఆరబోసేందుకు, సభలు జరిపేందుకు, వాహనాలు నిలిపేందుకు వదిలేస్తే పిల్లలు ఎక్కడ ఆడాలి? బడి మైదానం ఆక్రమణకు గురికాకుండా చూడటం, రాళ్ళు ఏరించి చదును చేయించడం, సాయంత్రం రెండు గంటలు ఆడపిల్లలకే కేటాయించడం పంచాయతీ తీర్మానంతో అయ్యే పనులు.

2014లో 13 ఏళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణది కూడా ఈ జిల్లాయే. పూర్ణ, నిఖత్, సౌమ్య ముగ్గురూ పేరు తెచ్చాక జిల్లా పూలదండలు వేసింది. దండ వేయడం సులభం. ఇప్పుడు ఏదో ఒక బడిలో ఎనిమిదో తరగతి చదువుతూ, చెప్పులు లేకుండా మైదానం నడుమ పరుగెత్తే పిల్లకు బూట్లు, గుడ్డు, పాలు, ఒక పంతులమ్మ, పదో తరగతి తరువాత ఒక వసతిగృహం సమకూర్చడమే అసలు పని. పేరు వచ్చేదాకా ఆగకుండా ఈ విద్యాసంవత్సరంలోనే ఆ పని మొదలుపెట్టాలి. ఏ ఊళ్ళో ఎంతమంది బాలికలు ఆడుతున్నారో, అందులో ఎంతమంది పదో తరగతితో మానేస్తున్నారో మండలాల వారీగా లెక్క తీయించి ప్రజల ముందు పెట్టడం జిల్లా అధికారుల మొదటి కర్తవ్యం.