నిచ్చెన సరే... నియమం ఏదీ?

గిలకలదిండి (మచిలీపట్నం): కొండదారుల్లో, ఇసుక నేలల్లో తిరిగేందుకు తయారైన ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనాలకు టాపు మీద క్యారియర్, వెనుక తలుపునకు ఇనుప నిచ్చెన అమర్చుకోవడం నేడు దేశమంతటా పెరుగుతున్న ధోరణి. కొందరికి అది అలంకారం, మరికొందరికి అవసరం. సముద్రపు ఒడ్డున జీవనం సాగించే గిలకలదిండి వంటి ప్రాంతాలకు మాత్రం ఈ అంశాన్ని అలంకారంగా చూసి వదిలేసే వీలు లేదు. వలలు, తాళ్లు, ఐసు పెట్టెలు మోసుకెళ్లే వాహనానికి టాపు మీది జాగా ఎంతో విలువైనది. అయితే ఆ టాపు ఎంత బరువును భరిస్తుంది? దానిపైకి చేర్చే నిచ్చెనకు చట్టం సమ్మతి ఉందా? బిగించిన పని సక్రమంగా ఉందని ధ్రువీకరించేదెవరు? ఈ ప్రశ్నలకు సామాన్య యజమానికి సులువుగా సమాధానం దొరకడం లేదు.

పాత అలవాటే

వాహనం టాపును సరుకుకు వాడుకోవడం కృష్ణా డెల్టాకు కొత్త కాదు. ఒకప్పటి ఆర్టీసీ పల్లె బస్సుల వెనుక ఇనుప నిచ్చెన, టాపుపై చుట్టూ కమ్మీలు ఉండేవి. కూరగాయల గంపలు, బియ్యం మూటలు, సైకిళ్లు ఆ నిచ్చెన మీదుగానే పైకి చేరేవి. పండుగలకు, తిరునాళ్లకు మనుషులూ టాపెక్కేవారు. తరువాతి కాలంలో పల్లెలకు సర్వీసు నడిపిన జీపులదీ అదే తీరు.

గిలకలదిండి హార్బరులో ఈ అవసరం మరింత స్పష్టం. మొగ వద్ద పూడిక ఇక్కడి మత్స్యకారులకు ఏళ్ల తరబడి ఉన్న సమస్య. పోటు చూసుకుని బోట్లు లోపలికి వస్తాయి. వచ్చిన చేపను ఐసు కరగకముందే తరలించాలి. చిరిగిన వలను బాగుచేసేందుకు తీసుకెళ్లాలి, ఇంజను విడిభాగాలను ఒడ్డుకు చేర్చాలి. తొందరలో ఉన్న మనిషి తలుపు అంచుపై ఒక కాలు, టైరుపై మరో కాలు వేసి టాపెక్కడం సహజం. తడి కాళ్లతో అలా ఎక్కడం కంటే గట్టిగా బిగించిన నిచ్చెన మేలన్నది కాదనలేని మాట. కనుక నిచ్చెనను నిషేధించాలనే వాదనలో పస లేదు. దానిని ఏ ప్రమాణంతో అమర్చాలన్నదే అసలు ప్రశ్న.

చట్టంలో రెండు మాటలు

విచిత్రమేమిటంటే ఈ నిచ్చెన గురించి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు తెలుసు. 1989 నాటి ఆ నిబంధనల్లో 93వది వాహనాల కొలతలకు సంబంధించినది. వాహనం మొత్తం పొడవును లెక్కించేటప్పుడు కొన్నింటిని మినహాయించాలని అందులో పేర్కొన్నారు. ఆ జాబితాలో టాపు మీద సరుకు ఎక్కించి దించేందుకు వాడే నిచ్చెన కూడా ఉంది. అంటే నిచ్చెన గల వాహనం రోడ్డుపై తిరుగుతుందన్న ఊహ నిబంధనలు రాసినవారికి ఉంది.

మరోవైపు 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఉంది. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు భిన్నమయ్యేలా వాహనాన్ని యజమాని మార్చరాదని అది చెబుతోంది. కేరళకు చెందిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను కట్టుదిట్టంగా వ్యాఖ్యానించింది. అదే ఏడాది జరిగిన చట్ట సవరణతో 182ఏ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని ఒక్కో మార్పునకు యజమానికి రూ.5 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చని అందులో ఉంది.

నిచ్చెన ఉండవచ్చని ఒకచోట, మార్పు కూడదని మరోచోట చట్టం చెబుతున్నట్లు కనిపిస్తున్నా, రెండింటికీ పొంతన ఉంది. తయారీదారు సిద్ధం చేసిన నిచ్చెనకూ, వెల్డింగు దుకాణంలో కొలతలేమీ లేకుండా అతికించిన నిచ్చెనకూ తేడా ఉంది. ఫోర్స్ గూర్ఖా వంటి వాహనానికి టాపు క్యారియర్, నిచ్చెన కంపెనీ ఉపకరణాలుగానే లభిస్తున్నాయి. విదేశాల్లో ల్యాండ్‌రోవర్ డిఫెండర్‌కూ ఇదే ఏర్పాటు ఉంది. చిక్కంతా ఈ రెండు కొసల నడుమ ఉన్నవారిదే. బయటి సంస్థ తయారు చేసిన నిచ్చెనను బోల్టులతో బిగించుకున్న యజమాని ఏ వైపు నిలుస్తాడన్నది తనిఖీ చేసే అధికారి విచక్షణకే మిగిలిపోతోంది. బీమా సంస్థకు తెలియజేయకుండా చేసిన మార్పు పరిహారం వేళ వివాదానికి దారితీసే అవకాశమూ లేకపోలేదు.

ముప్పు పైబరువుతోనే

నిచ్చెన బరువు స్వల్పమే. దాని మీదుగా పైకి చేరే బరువే ప్రాణాంతకం. చాలా కార్లకు, జీపులకు తయారీదారులు నిర్దేశించే టాపు బరువు పరిమితి క్యారియర్‌తో కలిపి సుమారు 50 నుంచి 100 కిలోల లోపే ఉంటుంది. గట్టి చట్రం గల డిఫెండర్ 110కు సైతం కదులుతున్నప్పుడు పరిమితి 168 కిలోలు, నిలిపి ఉన్నప్పుడు 300 కిలోలు. ఒకే టాపునకు రెండు పరిమితులు ఎందుకన్నది గ్రహించాలి. వాహనం మలుపు తిరిగినా, గుంతలో పడినా పైనున్న బరువు తన స్థిర భారానికి మించిన ఒత్తిడిని టాపుపై మోపుతుంది.

చిన్న లెక్కతో దీనిని అర్థం చేసుకోవచ్చు. 1,700 కిలోల వాహనానికి గురుత్వ కేంద్రం నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. 190 సెంటీమీటర్ల ఎత్తున 200 కిలోల తడి వల వేస్తే ఆ కేంద్రం సుమారు 87 సెంటీమీటర్లకు పెరుగుతుంది. పన్నెండు సెంటీమీటర్లే కదా అనిపించవచ్చు. కానీ మలుపులో పక్కకు ఒరిగిపోకుండా నిలిచే శక్తి దాదాపు ఏడో వంతు తగ్గుతుంది.

దివిసీమలో, గుడివాడ పరిసరాల్లో, బందరు చుట్టుపక్కల చాలా రోడ్లు కాలువ గట్ల వెంటే సాగుతాయి. ఒకవైపు పంట కాలువ, మరోవైపు పల్లపు చేను. ఎదురొచ్చే ధాన్యం ట్రాక్టరుకు దారి ఇచ్చేందుకు అంచుకు దిగిన వాహనం ఒకవైపు వాలుతుంది. పైబరువుతో ఉన్న వాహనం అక్కడ బోల్తా పడితే చేరేది నీటిలోకే. జాతీయ రహదారిపై నిలదొక్కుకున్న వాహనమే గట్టు మీద తిరగబడవచ్చు. తక్కువ ఎత్తులో వేలాడే విద్యుత్తు తీగల కింద టాపెక్కి నిలబడటం మరో ప్రమాదం.

టాపుపై మనిషి ప్రయాణించడాన్ని చట్టంలోని 123వ సెక్షన్ స్పష్టంగా నిషేధించింది. సరుకు అనుమతించిన ఎత్తుకు మించినా, పక్కలకు పొడుచుకు వచ్చినా కేంద్ర చట్టం ప్రకారం జరిమానా రూ.20 వేలు. సొంత వాహనంగా నమోదైన దానిలో కిరాయికి సరుకు మోయడం పర్మిట్ నిబంధనలకు విరుద్ధం. నిచ్చెన ఉన్నంత మాత్రాన ఈ మూడింటిలో ఏ ఒక్కదానికీ మినహాయింపు లభించదు.

ఉప్పు గాలికి తుప్పు

తీరంలో మరో శత్రువు తుప్పు. ఉప్పు గాలి, చేపల పెట్టెల నుంచి కారే నీరు ఇనుప బోల్టులను త్వరగా తినేస్తాయి. పైపు మీద రంగు మెరుస్తున్నా లోపల గోడ పలచబడి ఉండవచ్చు. వెల్డింగు చేసిన చోట్లే తుప్పు ముందుగా మొదలవుతుంది. నిచ్చెనను బిగించిన చోటు కూడా ముఖ్యమే. ఇప్పటికే విడి చక్రాన్ని మోస్తున్న వెనుక తలుపుపై నిచ్చెన బిగించి, దానిపై 70 కిలోల మనిషి 30 కిలోల పెట్టెతో ఎక్కితే ఆ వంద కిలోలూ తలుపు బందులపైనే వేలాడతాయి. నంబరు ప్లేటు, వెనుక దీపాలు మరుగున పడితే రాత్రివేళ వెనుక వచ్చే వాహనానికి అదో గండం.

విపత్తు వేళ అక్కర

1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెనను, 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెనను, 2004 డిసెంబరు 26 నాటి సునామీని చవిచూసిన తీరమిది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. ఇటువంటి వేళ నీరు నిలిచిన దారుల్లో వెళ్లగలిగే ఎత్తైన వాహనం, దాని టాపుపై తాళ్లు, లైఫ్‌జాకెట్లు, తాగునీటి డబ్బాలు, వాటిని క్షణాల్లో దించుకునేందుకు నిచ్చెన ఎంతో ఉపకరిస్తాయి. అయితే సహాయానికి వెళ్లిన వాహనమే పైబరువుతో ప్రవాహంలో ఒరిగిపోతే నష్టం రెట్టింపు. కనుక నిచ్చెనకు అనుమతి ఎంత అవసరమో, దాని పరిమితి తెలియడం అంతకంటే అవసరం.

చేయవలసినది స్వల్పమే

దీనికి కొత్త చట్టం అక్కరలేదు. ఏ తరహా నిచ్చెన, క్యారియర్ సమ్మతమో, దేనికి ముందస్తు అనుమతి కావాలో రవాణా శాఖ ఒక్క పుటలో తెలుగులో ప్రకటించి హార్బరులోనూ, వెల్డింగు దుకాణాల వద్దా ప్రదర్శించవచ్చు. నిచ్చెన బిగించిన ప్రతి వాహనంపై టాపు బరువు పరిమితిని కిలోల్లో రాయించడం పెద్ద ఖర్చు కాదు. సరుకు వాహనాల ఫిట్‌నెస్ పరీక్షలో నిచ్చెన బోల్టులను, తలుపు బందులను సైతం పరిశీలించవచ్చు.

యజమానులకూ బాధ్యత ఉంది. తయారీదారు పుస్తకంలోని టాపు పరిమితి చూడకుండా క్యారియర్ కొనరాదు. నిచ్చెనను వీలైనంతవరకు వాహన చట్రానికే ఆనించాలి. నెలకోసారి మంచినీటితో కడిగి బోల్టులు సరిచూసుకోవాలి. బరువైన పెట్టెలను కిందనే ఉంచి, తేలికైన వాటినే పైకి చేర్చాలి.

ప్రమాదం జరిగిన తరువాత జరిమానాల లెక్క తీయడం కంటే, అంతకుముందే పరిమితి చెప్పడం మేలు. చేపల వేటకు, తుపానుకు, కాలువ గట్టుకు నడుమ బతుకు ఈడ్చే ఈ ప్రాంతం విషయంలో అధికారులు ఆ చొరవ చూపాల్సిన అవసరం ఎంతైనా ఉంది.