సెలవుపై వచ్చే సిపాయి, ఎదురుచూసే ఇల్లు

హిజ్రీ 5వ సంవత్సరం. మదీనా నగరానికి రక్షణగా కందకం తవ్వి, ముస్లిములు శత్రుకూటమిని ఎదుర్కొంటున్న రోజులవి. ఆకలి, చలి, భయం మూడూ ఒకేసారి చుట్టుముట్టాయి. ఆ సైన్యంలో కొత్తగా పెళ్ళయిన ఒక అన్సారీ యువకుడు ఉండేవాడు. అతడు ప్రతిదినం మధ్యాహ్న వేళ దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, ఇంటికి వెళ్ళి వస్తానని అనుమతి కోరేవాడు. ఆయన (స) అనుమతి ఇచ్చేవారు. ఒకనాడు మాత్రం, ఆయుధం వెంట తీసుకొని వెళ్ళమనీ, బనూ ఖురైజా వారి వల్ల అపాయం ఉందనీ హెచ్చరించి పంపారు. యువకుడు ఇల్లు చేరేసరికి భార్య గుమ్మంలో నిలబడి ఉంది. అతనికి రోషం వచ్చింది. బల్లెం ఎత్తాడు. ఆమె అతణ్ణి వారించి, తాను బయటికి ఎందుకు వచ్చిందో ముందు లోపలికి వెళ్ళి చూడమంది. లోపల పడకపై పెద్ద పాము చుట్టుకొని ఉంది. అతడు దానిని పొడిచాడు, అది అతనిపై తిరగబడింది. పాము ముందు చనిపోయిందో, యువకుడు ముందు చనిపోయాడో తెలియలేదని హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖనంలో ఉంది. సహీహ్ ముస్లింలో నమోదైన హదీసు ఇది.

పండితులు ఈ హదీసును సాధారణంగా ఇళ్ళలో కనిపించే పాముల విషయంలో చర్చిస్తారు. మేము ఇక్కడ దృష్టి నిలుపుతున్నది వేరొక సంగతిపై. నగరమంతా ముట్టడిలో ఉన్నప్పుడు కూడా ఒక యువసైనికునికి ఇంటికి వెళ్ళే సెలవు లభించింది. యుద్ధం ఉంది గనుక ఇల్లు మరచిపొమ్మని ఆయన (స) అనలేదు. ఆ యువకుడు కూడా చెప్పకుండా జారుకోలేదు, ప్రతిదినం అడిగి వెళ్ళాడు. ఉమ్మడి కార్యంలో ఉన్నవారు అనుమతి తీసుకోకుండా వెళ్ళరాదన్న ఆదేశం నూర్ సూరాలోనే ఉంది. ఇక గుమ్మంలో జరిగినదాన్ని గమనించండి. ఇంటికి వచ్చే మనిషి మనసులో అనుమానం ఎంత త్వరగా లేస్తుందో, ఒక్క క్షణం ఆగి వినడం ఎంత అవసరమో అక్కడ కనిపిస్తుంది.

2025 మే మాసంలో ఈ విషయం మన పల్లెల్లోకి కూడా వచ్చింది. మన గుంటూరు, ప్రకాశం మైదానాల్లో మే అంటే మిరప కళ్ళాలు ఖాళీ అయ్యే కాలం. టిక్కీలు యార్డుకో, కోల్డ్ స్టోరేజీకో చేరి ఉంటాయి. పత్తి కట్టె పీకేసి ఉంటుంది. నికాహ్‌లు పెట్టుకొనేది అప్పుడే, సైన్యంలో ఉన్న పిల్లలు సెలవు అడిగేదీ అప్పుడే. 2025లో బక్రీదు జూన్ 7న వచ్చింది గనుక పండుగ కూడా కలిసివస్తుందని ఎన్నో ఇళ్ళు లెక్కలు వేసుకొన్నాయి. మే 6వ తేదీ అర్ధరాత్రి దాటాక ఆపరేషన్ సిందూర్ మొదలయింది. సెలవులు రద్దయ్యాయి. సెలవుపై వెళ్ళిన పారామిలిటరీ సిబ్బందిని వెనక్కు పిలవమని కేంద్ర హోంమంత్రి ఆదేశించారు. ఉత్తర, పశ్చిమ ప్రాంతాల్లో 32 విమానాశ్రయాలు మూతపడ్డాయి. మే 10న కాల్పులు ఆగాయి గాని, ఆ నాలుగు రోజుల్లోనే శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలంలోని ఒక తండాకు చెందిన అగ్నివీర్ మురళీనాయక్ నియంత్రణ రేఖ వద్ద ప్రాణాలు కోల్పోయాడు. అంతకు నాలుగేళ్ళ ముందు, 2021 జులై 8న, రాజౌరీ జిల్లా సుందర్‌బనీ వద్ద జరిగిన ఎదురుకాల్పుల్లో మన బాపట్ల మండలానికి చెందిన 23 ఏళ్ళ సిపాయి మరుప్రోలు జస్వంత్ రెడ్డి మరణించాడు. సరిహద్దు మనకు రెండు రోజుల రైలు ప్రయాణమంత దూరంలో ఉన్నా, దాని వార్త మన గడపలకు రావడానికి రెండు నిమిషాలు చాలు.

మన పిల్లలు సైన్యంలోకి ఎందుకు వెళ్తున్నారో తెలియనిది కాదు. 2025 ఆరంభంలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం జోక్యం చేసుకొని క్వింటాలుకు రూ.11,781 అని నిర్ణయించింది. పెట్టుబడికే సరిపోదని రైతులు వాపోయారు. కౌలు భూమిలో తండ్రి పడే అవస్థ చూసిన కుర్రవాడికి, మొదటి ఏడాది నెలకు రూ.30 వేలు అనే అగ్నివీర్ జీతం, అందులో చేతికి వచ్చే రూ.21 వేలు పెద్ద ఆధారం. ఏడాదికి 30 రోజుల సెలవు. ఈ ఉద్యోగాన్ని ఏ పేరుతో పిలవాలన్న చర్చలోకి మేము వెళ్ళము. దేశానికి మాట ఇచ్చి చేరినవాడు ఆ ఒప్పందాన్ని నెరవేర్చాలి, ఒప్పందాలను నెరవేర్చమన్నది మాయిదా సూరా ఆరంభంలోనే ఉన్న ఆజ్ఞ. ఆ మే మాసంలో దేశానికి యుద్ధ వివరాలు చెప్పినవారిలో కల్నల్ సోఫియా ఖురేషీ ఒకరన్న సంగతి మన అమ్మాయిలకు గుర్తుండే ఉంటుంది.

ఇక ఇంటికి వచ్చే ప్రయాణం సంగతి. సైన్యం నుండి ఇంటికి మళ్ళే యువకుని కథ హదీసుల్లో హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి)ది. ఆయనకు కొత్తగా పెళ్ళయింది. యుద్ధయాత్ర ముగించుకొని వస్తుండగా ఆయన ఒంటె అలసి వెనకబడింది. దైవప్రవక్త (స) దానిని అదిలించగానే అది అందరికన్నా ముందు నడిచింది. ఎందుకంత తొందర అని అడిగితే కొత్త పెళ్ళి సంగతి చెప్పారు. కన్యనా, లేక పూర్వం వివాహమైన స్త్రీనా అని ఆయన (స) విచారించారు. ఉహద్‌లో తండ్రి అమరులయ్యారనీ, ఇంట్లో చిన్న చెల్లెళ్ళు ఉన్నారనీ, వారికి తల దువ్వి, మంచి చెడు చూసే అనుభవం గల స్త్రీని చేసుకొన్నాననీ జాబిర్ (రజి) చెప్పారు. ఆయన (స) మెచ్చుకొన్నారు. దారిలోనే ఆ ఒంటెను ఆయన వద్ద కొన్నారు. మదీనా చేరాక ముందు మస్జిదులో రెండు రకాతులు చదవమని, సొమ్ము తూచి ఇప్పించి, ఒంటెను కూడా తిరిగి ఇచ్చేశారు.

ఒక సైన్యాధిపతి, ఇంటికి వెళ్తున్న ఒక కుర్రవాని ఇంటి ఖర్చు సంగతి కనిపెట్టి, అతని ఆత్మగౌరవానికి భంగం కలగకుండా బేరం పేరుతో సాయం చేశారని మేము అర్థం చేసుకొంటాము. మన ఊళ్ళలో దీనికి విరుద్ధంగా జరుగుతోంది. కుర్రవాడు స్టేషనులో దిగి ట్రంకు పెట్టె ఇంట్లో దించకముందే అప్పులవాళ్ళ జాబితా ముందు పెడతారు. మిరప పెట్టుబడి బాకీ, చెల్లెలి సంబంధం, బాబాయితో గట్టు తగాదా, అన్నీ ఆ ఇరవై రోజుల్లోనే తేలాలంటారు. తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. మొదటి మూడు రోజులు అతణ్ణి తిననివ్వండి, పడుకోనివ్వండి. ప్రయాణం మనిషి నిద్రను, తిండిని హరించే యాతన అనీ, పని కాగానే ఇంటివారి వద్దకు త్వరపడి రావాలనీ దైవప్రవక్త (స) సెలవిచ్చారు.

అదే ప్రయాణంలో మరొక ఆదేశం ఉంది. మదీనా దగ్గరపడగానే ఇళ్ళలోకి ఒక్కసారిగా చొరబడక, స్త్రీలు తల దువ్వుకొని సిద్ధపడేందుకు వ్యవధి ఇవ్వమన్నారు. చాలాకాలం దూరంగా ఉన్నవాడు చెప్పాపెట్టకుండా రాత్రివేళ ఇంటి మీదికి వెళ్ళరాదని వేరే హదీసులోనూ ఉంది. ఇప్పుడు ఫోన్లలో ఒక వేడుక బయలుదేరింది. సిపాయి ఎవరికీ చెప్పకుండా వస్తాడు, మిత్రుడు కెమెరా పట్టుకొంటాడు, తల్లి కెవ్వున అరుస్తుంది, భార్య పనిబట్టలతో నలుగురి కంటా పడుతుంది. లక్షలమంది చూసి కన్నీళ్ళు పెట్టుకొంటారు. మాకు ఇది నచ్చదు. ఆ భార్య మర్యాద ఎవరికీ పట్టలేదు. ఇంటికి ముందుగా ఒక ఫోను చేసి చెబితే చాలు. అలాగని స్టేటస్‌లో ఏ రైలు, ఏ బోగీ అని పెట్టడం కూడా తగదు. సైనిక కదలికలను ప్రత్యక్షంగా చూపవద్దని 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం వార్తాసంస్థలకు సూచించింది. ఇంటివారికీ అది వర్తిస్తుందని వేరే చెప్పనక్కరలేదు. యూనిట్ సంగతి అమానత్.

భార్య హక్కు గురించి హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్‌లో ఒక నిర్ణయం జరిగింది. రాత్రి గస్తీలో ఆయన, భర్త దూరమైన ఒక స్త్రీ వేదన విన్నారు. ఆమె భర్త సైన్యంలో ఉన్నాడు. ఉమర్ (రజి) తమ కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి) వద్దకు వెళ్ళి, స్త్రీ భర్త ఎడబాటును ఎంతకాలం ఓర్చగలదని అడిగారు. ఖలీఫా తన కుమార్తెను ఆ ప్రశ్న అడగడమే ఒక పాఠం. నాలుగు నెలలన్న ఉల్లేఖనం ఉంది, ఆరు నెలలన్నదీ ఉంది. ఒక మాసం పోవడానికి, నాలుగు మాసాలు ఉండడానికి, ఒక మాసం రావడానికి అని వివరించిన ఉల్లేఖనంతో రెండూ పొసగుతాయి. అంతకు మించి సైనికులను ఆపవద్దని ఆయన సేనాధిపతులకు రాశారు. కాబట్టి సెలవు రోజుల్లో కోడలికి భర్తతో మాట్లాడే తీరిక కూడా లేకుండా వంటింట్లో నిలబెట్టే అత్తగార్లు ఈ సంఘటనను రెండుసార్లు చదవాలి.

సెలవు మధ్యలో పిలుపు వస్తే? వైద్యుని సర్టిఫికెట్ తెచ్చి ఆపుదామా అని అడిగే తల్లులు ఉన్నారు. ఆపరాదు. జబ్బు లేకుండా జబ్బని రాయించడం అబద్ధసాక్ష్యం, పైగా తోటి సిపాయిల బరువు పెంచడం. అప్పుడే శకునాల మాట కూడా వస్తుంది. 1965లో గాజీపూర్ జిల్లా ధాముపూర్‌కు చెందిన అబ్దుల్ హమీద్ సెలవుపై ఇంట్లో ఉండగా పిలుపు వచ్చిందనీ, బయలుదేరుతుంటే పరుపుచుట్ట తాడు తెగిందనీ, భార్య రసూలన్ బీబీ అపశకునమని భయపడి ఆపబోయిందనీ ఆయన జీవితకథల్లో చెబుతారు. ఆయన ఆగలేదు. సెప్టెంబరు 10న ఖేమ్‌కరణ్ రంగంలో జీపుపై అమర్చిన ఫిరంగితో పాటన్ ట్యాంకులను ధ్వంసం చేస్తూ అమరుడయ్యాడు, పరమవీరచక్ర పొందాడు. రసూలన్ బీబీ 2019 వరకు జీవించారు. తాడు నిజం చెప్పిందని కొందరంటారు. తాడు తెగాక కూడా క్షేమంగా ఇల్లు చేరిన సిపాయిలు ఎంతమందో! వారి తాళ్ళను ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. శకునాలను దైవప్రవక్త (స) తోసిపుచ్చారు. బయలుదేరే బిడ్డకు దుఆ చేయండి, ఉన్నంతలో సదఖా ఇవ్వండి. వెనుక మిగిలిన ఇంటిని చూసుకోవడం ఇరుగుపొరుగు బాధ్యత. పోరాడేవాని కుటుంబాన్ని చక్కగా చూసినవాడు తానే పోరాడినట్లని హదీసు భావం.

చివరగా, నమాజు గురించి సిపాయిల నుండి తరచు వచ్చే ప్రశ్న. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం 48 మైళ్ళకు, అంటే సుమారు 77 కిలోమీటర్లకు మించిన ప్రయాణంలో నాలుగు రకాతుల ఫర్జ్ రెండే. యూనిట్‌లో ఉన్నప్పుడు ఎన్నాళ్ళ మకాం అన్నది సిపాయి సంకల్పంపై గాక అధికారి నిర్ణయంపై ఆధారపడుతుంది. రైలులో నిలబడగలిగితే నిలబడి, ఖిబ్లా చూసుకొని చదవాలి. సొంత ఊరి పొలిమేరలో అడుగుపెట్టిన క్షణం నుండి అతడు ప్రయాణికుడు కాడు. ఒక్క పూటకే వచ్చినా, తిరుగు టికెట్టు జేబులోనే ఉన్నా నాలుగు రకాతులూ చదవాలి. తిరిగి వెళ్ళేటప్పుడు ఊరి ఇళ్ళు దాటాకే ఖస్ర్ మొదలవుతుంది. స్టేషను ఊరి మధ్యనే ఉంటే, రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నంతసేపూ పూర్తి నమాజే.